అమ్మ రాసుకున్న నోటు పుస్తకాలను ఏం చేయాలి?

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఊరు, ఆనవాళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమె వయసు 46. తల్లి ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ కాలం ఆడవాళ్ల మెడికల్ వార్డులోనూ ఎముకల వార్డులోనూ గడిచింది. ఆ రెండు చోట్లా మంచాల మీద ఉండేది ఎక్కువగా ముసలివాళ్లే. రిటైరయ్యాక కూడా ఆమె ఊరుకోలేదు. చర్చివాళ్ల వృద్ధాశ్రమంలోనూ, మంచం పట్టిన పెద్దవాళ్లున్న ఇళ్లలోనూ పన్నెండేళ్లు పనిచేశారు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. నాలుగు నెలలు మంచంలో ఉండి ప్రభువునందు నిద్రించారు. ఏడాది తిరిగే జ్ఞాపకార్థ కూడికకు ఇంకా నాలుగు నెలల వ్యవధి ఉంది.

అమెరికాలో ఉన్న అన్నయ్య ఆ రోజుకు ఒక సంచిక తేవాలంటున్నారు. అమ్మ బీరువాలో దొరికిన నోటు పుస్తకాల పేజీలు ఫొటోలతో సహా ఉన్నవి ఉన్నట్టు వేయాలనీ, ఫేస్‌బుక్‌లో కూడా పెట్టాలనీ ఆయన పట్టు. అమ్మ పేరు మీద ఏదైనా చేయడానికి ఐదు లక్షలు పంపుతానన్నారు. ఆ పుస్తకాల్లో మనుషుల పేర్లున్నాయి. ఎవరికి పక్క తడిసేదో, ఎవరి కొడుకు నెలల తరబడి తొంగిచూడలేదో, ఎవరు చావు రాలేదని ఏడ్చేవారో అన్నీ ఉన్నాయి. ఆ కుటుంబాలు ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నాయి. మేనత్తది ఇంకో మాట: "ఒకళ్ల మలమూత్రాలు ఎత్తిన సంగతి పుస్తకానికి ఎక్కించాలా? హెడ్ నర్సు అని రాస్తే చాలదూ?"

ఉత్తరం చివర్లో ఆమె ఇలా రాశారు: "అందరూ సేవామూర్తి అంటుంటే వినలేకపోతున్నాను. నా టెన్త్ రిజల్ట్ రోజు అమ్మ డ్యూటీలో ఉంది. నా మొదటి కాన్పు రాత్రి ఎవరి అత్తగారి మంచం దగ్గరో ఉంది. మాకు దొరికింది అలిసిపోయిన అమ్మే. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. తన చేతి కింద ఒక్కరికీ పుండు పడనివ్వలేదని చెప్పుకునే అమ్మకు, నా చేతుల మీద నడుము కింద పుండు పడింది. అన్నయ్య ఫోన్లో 'నువ్వేం చూశావు?' అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి ఒక్క వాక్యం రాయలేకపోతున్నాను."

జవాబు:

పుండు సంగతి మీరు చివర్లో రాశారు. కానీ మిగతా అన్నిటికీ అడ్డం పడి ఉన్నది అదే కాబట్టి ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, నెత్తురు ఆడక చచ్చిపోతే మంచం పుండు పడుతుంది. నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద ఎక్కువ. పక్షవాతం వచ్చిన మనిషికి పడిపోయిన పక్క నొప్పి సరిగా తెలియదు, తనంతట తాను ఒత్తిగిలలేదు. దానికి తోడు పక్క తడవడం, తిండి తగ్గడం. అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చమంటారు. అంటే రోజుకు పన్నెండుసార్లు. అందులో ఐదారు రాత్రిపూటే. మార్చిన ప్రతిసారీ దుప్పటి ముడతలు తీయాలి, తడి తుడవాలి, దిండ్లు సర్దాలి. హెచ్చుతక్కువగా పావుగంట పని. వార్డులో దీన్ని ఉదయం, మధ్యాహ్నం, రాత్రి షిఫ్టుల మనుషులు పంచుకుంటారు. మీ ఇంట్లో మూడు షిఫ్టులూ మీరొక్కరే. మీ అమ్మగారు సాధించినదాన్ని మీరు సాధించలేకపోయారని అనుకుంటున్నారు. ఆమె అయినా ఒంటరిగా, నాలుగు నెలలు, రాత్రి నిద్ర లేకుండా ఆ పని చేయలేదు.

రెండో సంగతి కూడా తెలుసుకోండి. చివరి రోజుల్లో గుండె, మూత్రపిండాలు ఎలా చేతులెత్తేస్తాయో చర్మమూ అలాగే చేతులెత్తేస్తుంది. అప్పుడు ఎంత బాగా చూసుకున్నా పుండు పడవచ్చు. కారెన్ లూ కెన్నెడీ అనే అమెరికన్ నర్సు 1989లో దీన్ని విడిగా గుర్తించి వివరించారు. ఇది ఎక్కువగా నడుము కింద వస్తుంది. పొద్దున లేని మచ్చ సాయంత్రానికి నల్లగానో ఊదాగానో కనిపించి, గంటల్లో ముదురుతుంది. మామూలు పుండు అలా కాదు. ముందు ఎరుపో నలుపో తేలి, వేలితో నొక్కి వదిలినా రంగు మారకుండా ఉండి, రోజుల మీద చితుకుతుంది. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు. చుట్టుపక్కల చర్మం కంటే వేడిగానో గట్టిగానో తగలడమే గుర్తు. మీ అమ్మగారి పుండు మొదట కంటపడిన తేదీ, డిశ్చార్జి కాగితం, డాక్టరుకు పంపిన ఫొటోలు మీ ఫోన్లో ఉంటే, వైద్యం చేసిన డాక్టరు దగ్గర పది నిమిషాలు కూర్చుని అడగండి. ఆయన చెప్పేది ఈ రెంటిలో ఏదైనా, ఇప్పుడు మీరు మోస్తున్న అనుమానం కంటే తేలికగానే ఉంటుంది.

అన్నయ్యకు ఏం చెప్పాలన్నది మీ ఇష్టం. పైన రాసిన లెక్క చెప్పి, "ఆ పన్నెండింటిలో నువ్వు ఎన్ని పంచుకునేవాడివి?" అని అడిగితే నోరు మూతపడుతుంది. కానీ ఈ నాలుగు నెలలూ ఆయనతో కలిసి చేయాల్సిన పని ఉంది, అది చెడుతుంది. ఏమీ అనకపోతే సంచికలో ప్రతి పేజీ దగ్గరా ఆ మాట గుచ్చుకుంటుంది. మధ్యే మార్గంగా, డాక్టరు చెప్పింది ఒక చిన్న మెసేజ్‌గా రాసి పంపండి. అందులో నింద ఉండకూడదు, సంజాయిషీ ఉండకూడదు. దూరాన ఉండి ఏమీ చేయలేకపోయిన కొడుకులు ఇలాంటి మాటలు అనడం మామూలే. వాళ్లకు తప్పు ఎవరిదో తేలాలి, లేకపోతే తమదేమోనన్న భయం. ఇది ఆయన్ని వెనకేసుకు రావడం కాదు, ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం.

ఇక నోటు పుస్తకాలు. మీరు ఉత్తరంలో నమూనాగా ఒక వరుస ఎత్తి రాశారు: "పంతులుగారు. కుడి 10, వెల్లకిల 12, ఎడమ 2. మడమలు ఖాళీ." అమ్మగారి గురించి ఎవరు ఏ విశేషణం వాడినా ఈ ఒక్క వరుసకు సాటిరాదు. రాత్రి పదికీ, పన్నెండుకీ, రెండుకీ ఆమె లేచి ఉంది. కుడి నుంచి ఎడమకు మధ్యలో ఒకసారి వెల్లకిల పడుకోబెట్టింది. 'మడమలు ఖాళీ' అంటే పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు ఆనకుండా తేల్చి ఉంచింది. మడమ కింద మెత్తటిది పెడితే చాలనుకుని చాలామంది అక్కడే పొరబడతారు. మెత్తటిది పెట్టినా ఒత్తిడి ఉంటుంది. గాలిలో తేలితేనే ఉండదు.

ముసలివాళ్లను చూసే నర్సుతో ఉన్న చిక్కు ఇదే. ఆపరేషన్ చేసిన డాక్టరు పని కళ్లకు కనిపిస్తుంది. ఈమె పని జరగనివాటిలో ఉంటుంది: పడని పుండు, ఊపిరితిత్తుల్లోకి పోని అన్నం మెతుకు, బాత్రూంలో జారి పడని రాత్రి. జరగనిదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు కాబట్టి సంతాప సభల్లో 'సేవామూర్తి' లాంటి మాటలు వచ్చి ఆ చోటు నింపుతాయి. మీకు వినబుద్ధి కాకపోవడంలో వింత లేదు, ఆ మాటలో మీ అమ్మ లేదు.

డోరీన్ నార్టన్ అనే ఇంగ్లీషు నర్సు ఉదాహరణ మీకు పనికొస్తుంది. ఆసుపత్రిలో ఉన్న వృద్ధుల మీద ఆమె తన తోటివాళ్లతో కలిసి చేసిన పరిశోధన 1962లో అచ్చయింది. వీపుకు ఏ లేపనం రుద్దితే పుండు పడదన్నది నర్సుల్లో అప్పటిదాకా ఉన్న వాదన. లేపనాల వల్ల ఒరిగేది లేదు, వేళకు పక్క మార్చి ఒత్తిడి తీయడమే పనిచేస్తుందని ఆ పరిశోధనలో తేలింది. ఒంటి స్థితి, తెలివి, లేచి తిరగడం, మంచంలో కదలిక, మలమూత్రాల మీద అదుపు అనే ఐదింటికీ ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు వేసి, మొత్తం 14 గానీ అంతకు తక్కువ గానీ వస్తే ఆ మనిషికి పుండు ముప్పు ఉందని లెక్కగట్టే పద్ధతి పెట్టారు. నార్టన్ 2007లో పోయారు. ఆ ఐదు గడుల కాగితం ఇప్పటికీ వార్డుల్లో నడుస్తోంది. అది కూడా ఒక రకం జ్ఞాపకమే. మీ అమ్మగారి పుస్తకాల్లో ఇలాంటి సరుకే ఉంది.

అందుకని అన్నీ వేయాలా ఏదీ వేయకూడదా అన్న తగువులో పడకుండా ముందు పుస్తకాలను మూడు దొంతులు చేయండి. ఆసుపత్రికి చెందిన కాగితాలు, అంటే కేసు షీటు ముక్కలు, రిపోర్టు పుస్తకం పేజీలు ఏమైనా కలిసి ఉంటే అవి మొదటి దొంతి. వాటిని అచ్చు వేయకూడదు, ఫొటో తీయకూడదు. మనిషి తెలిసేలా ఉన్న సంగతులు రెండోది. పని ఎలా చేయాలో చెప్పే వరుసలు మూడోది. ఫొటోలు తీయడం మొదలుపెట్టకముందే ఈ పని అయిపోవాలి, ఒకసారి వాట్సాప్‌లోకి వెళ్లిన పేజీ వెనక్కి రాదు. అన్నయ్యకు ఇప్పటికే కొన్ని పంపి ఉంటే, ఇంకెవరికీ పంపొద్దని ఈరోజే చెప్పండి.

రెండో దొంతి విషయంలో మూడు దారులున్నాయి. ఆ కుటుంబాలను అడిగి, ఒప్పుకున్నవి మాత్రమే వేయడం మొదటిది. అడిగేటప్పుడు ఆ పేజీ చదివి వినిపించాలి. "మీ నాన్నగారి గురించి మంచిగా రాస్తున్నాం" అని పైపైన చెప్పి ఒప్పించుకుంటే, చదివాక వచ్చే కోపం రెట్టింపు ఉంటుంది. ఒకే ఇంట్లో పెద్దకొడుకు సరేనని చిన్నకోడలు కాదంటే వేయొద్దు. రెండోది పేర్లు మార్చి వేయడం. చిన్న ఊళ్లో ఇది దాదాపు పనిచేయదు. పేరు తీసేసినా, 'రిటైరైన లెక్కల మాస్టారు, చెరువుగట్టు వీధి, తొడ ఎముక విరిగింది' అని ఉంటే ఊరంతా ఇట్టే పోల్చుకుంటుంది. వృత్తి, వీధి, జబ్బు, సంవత్సరం అన్నీ పోవాలి. అవన్నీ పోయాక మిగిలింది అచ్చు వేయదగ్గదేనా అని చూసుకోవాలి. మూడోది ఆ దొంతిని అసలు ముట్టకపోవడం. రోగి పోయినా, నర్సు పోయినా రోగి రహస్యం రహస్యమేనన్నది ఈ వృత్తి ధర్మం. అమ్మగారు బతికుంటే ఆ పేజీలు ఎవరికైనా చూపించేవారా అని అన్నయ్యను అడగండి. మా మొగ్గు మూడోదానికే.

మూడో దొంతిని మాత్రం ధైర్యంగా వాడుకోండి. మంచంలో ఉన్న మనిషిని పూర్తిగా పక్కకు తిప్పేయకుండా వీపు వెనక దిండు పెట్టి ముప్ఫై డిగ్రీలు వాల్చడం, తుంటి ఎముక మీద బరువు పడకుండా. ఎర్రబడిన చోట మర్దనా చేయకపోవడం, లోపల నలిగిన కండ ఇంకా చితుకుతుంది కాబట్టి. నడుము కింద గుండ్రటి గాలి రింగు పెట్టకపోవడం, అది చుట్టూ నొక్కి మధ్య భాగానికి నెత్తురు అందనివ్వదు. అన్నం పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచమని, అర చెంచా చొప్పున, మింగింది చూసుకుని తర్వాతది పెట్టడం. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకపోవడం. మతిమరుపు ఉన్నవాళ్లకు పొద్దుగూకకముందే లైటు వేయడం. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నారో చెప్పడం. ఇలాంటివి పుస్తకాల్లో ఎన్ని దొరికితే అన్ని, ఆమె మాటల్లోనే వేయండి. వేసేముందు ఇప్పుడు డ్యూటీలో ఉన్న నర్సొకరి చేత చదివించండి. పాతరోజుల్లో సరేననుకున్న పద్ధతులు కొన్ని, ముఖ్యంగా స్పిరిట్ రుద్దడం, పుండు మీద పౌడరు చల్లడం లాంటివి, ఇప్పుడు చేయకూడదంటారు. అవి కనిపిస్తే వదిలేయండి.

మీ మేనత్తగారి మాట వెనక చాలా పాత సంగతి ఉంది. మన జిల్లాల్లో నర్సింగ్ మిషన్ ఆసుపత్రులతో మొదలైంది. లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు, ఆమె పెట్టిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. పరాయివాళ్ల ఒళ్లు తుడవడం, మైల ముట్టడం అని మిగతావాళ్లు దూరం పెట్టిన పనిని చాలాకాలం ఎక్కువగా క్రైస్తవుల ఇళ్ల ఆడపిల్లలే చేశారు, దానికి మాటలూ పడ్డారు. మేనత్తగారి తరం ఆ మాటలు విన్న తరం. వదిన గౌరవం తగ్గకూడదన్నదే ఆవిడ బాధ. మలమూత్రాల ప్రస్తావన పూర్తిగా తీసేస్తే ఆవిడ శాంతిస్తారు కానీ, అమ్మగారి పనిలో సగం మాయమవుతుంది. ఉంచితే రాసే తీరులో జాగ్రత్త కావాలి. 'రెండు గంటలకోసారి బెడ్‌పాన్ అడిగేది, వాళ్లు సిగ్గుపడి అడగరని' అని రాయండి. అందులో అసహ్యం లేదు, ఉపాయం ఉంది. ఆ పేజీ అచ్చుకు వెళ్లకముందే ఆవిడకు చదివి వినిపించండి. హెడ్ నర్సు అన్న మాట అట్ట మీద పెద్దక్షరాల్లో ఉంటుందని కూడా చెప్పండి.

మీ కోపం గురించి. మీ కాన్పు రాత్రి ఆమె లేకపోవడం చిన్న సంగతి కాదు, పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలని మింగేయక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రుల్లో రాత్రి డ్యూటీ సాధారణంగా ఎనిమిది నుంచి మర్నాడు ఎనిమిది దాకా. ఒక్క నర్సు మీద ఎన్నో మంచాలు. బదులు మనిషి దొరక్కపోతే సెలవు లేదు. కొన్ని రోజులు ఆ ఉద్యోగం ఆమెను రానివ్వలేదు. కొన్ని రోజులు ఆమే ఎంచుకుంది, రిటైరయ్యాక ఎవరూ బలవంతం చేయలేదు కదా. ఈ రెంటినీ విడదీసి ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ఏది ఎటు వెళుతుందో తెలియకపోతే ఆమెతో పనిచేసినవాళ్లను అడగండి. తర్వాత సంచికలో మీ వంతుగా ఒక పేజీ రాయాలా వద్దా అన్నది చూడొచ్చు. రాస్తే, ఉన్నదున్నట్టు: ఏ రోజు లేదు, ఆ రోజు ఇంట్లో వంట ఎవరు చేశారు, జడ ఎవరు వేశారు. ఆ మాటలు చదివి నొచ్చుకునేవాళ్లు ఉంటారు. అన్నయ్యే కావచ్చు. ఆమెతో పనిచేసిన నర్సుల పిల్లలు మాత్రం తమ ఇల్లే అనుకుంటారు. రాయకపోయినా తప్పులేదు. రాయకుండా మిగతా సంచికకు సంపాదకురాలిగా ఉండండి. కూడికలో మాత్రం సాక్ష్యం చెప్పమని పాస్టరు అయ్యగారు పిలిస్తే, మనసులో లేని మాట చెప్పడం కంటే ఆ నోటు పుస్తకంలోంచి పది వరుసలు చదివి దిగిపోవడం మేలు.

డబ్బు సంగతిలో ముందుగా ఒక ప్రశ్న. అన్నయ్యది ఇంకా ఇండియా పాస్‌పోర్టేనా? అయితే సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆయన ఇక్కడి సంస్థకు ఇచ్చేది విదేశీ విరాళమే. ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో దానికున్న ఖాతాకే చేరాలి. చాలా వృద్ధాశ్రమాలకూ చిన్న కాలేజీలకూ ఇది ఉండదు. తెలియక తీసుకుంటే చిక్కుల్లో పడేది వాళ్లే. ఏ రూపాయీ కదలకముందు ఆడిటరును కలవండి.

ఐదు లక్షలతో నర్సింగ్ విద్యార్థినికి స్కాలర్‌షిప్ పెట్టడం అందరికీ తట్టేది. ఏడు శాతం వడ్డీ వస్తే ఏడాదికి 35,000. ఒక అమ్మాయి పుస్తకాలు, యూనిఫాం, మెస్సు కొంత గడుస్తాయి, మొత్తం ఫీజు గడవదు. కాలేజీతో రాతకోతలు లేకపోతే మూడో ఏటికి ఎవరికిచ్చారో తెలియదు. ఎవరు ఎంపిక చేస్తారు, కాలేజీ మూతపడితే అసలు ఎక్కడికి పోతుంది అన్నవి కాగితం మీద ఉండాలి. నర్సింగ్ కౌన్సిల్ వృద్ధుల సేవలో ఏడాది డిప్లొమాకు సిలబస్ పెట్టింది. అది చదివే అమ్మాయికే ఇస్తామంటే అమ్మగారి పనికి దగ్గరగా ఉంటుంది, కానీ ఆ కోర్సు నడిపే కాలేజీని ముందు వెతుక్కోవాలి.

ఇంకో దారి, మంచం పట్టినవాళ్లకు సామాను అరువిచ్చే ఏర్పాటు. ఆల్ఫా బెడ్లు (మోటారుతో గాలి నింపే పరుపులు), వీల్‌చైర్లు, కమోడ్ కుర్చీలు, వాకర్లు. వెంటనే పనికొస్తుంది. చెడేది కూడా తొందరగానే. ఆల్ఫా బెడ్డుకు మోటారు ముఖ్యం. గొట్టం మడత పడినా, కరెంటు పోయినా గాలి దిగిపోయి మనిషి బరువంతా కింది పరుపు మీదే పడుతుంది. దాన్ని మామూలు పరుపు మీద పరిచి, పైన ఒక్క నూలు దుప్పటి వదులుగా వేయాలి. రబ్బరు షీటు, బొంతలు పేర్చితే దాని పని పోయినట్టే. నడుము దగ్గర ఆల్ఫా బెడ్డు కింద చెయ్యి దూర్చి చూసి, ఎముక తగిలితే గాలి చాలలేదని అర్థం. తిరిగి వచ్చాక సబ్బు నీళ్లతో కడిగి, పలచటి బ్లీచింగ్ నీళ్లతో తుడిచి నీడన ఆరబెట్టాలి. ఈ పని చూసే మనిషికి నెలకు ఎంతో కొంత ఇవ్వకపోతే రెండేళ్లలో సామానంతా తుక్కవుతుంది. కాబట్టి డబ్బంతా కొనడానికే పెట్టకుండా సగం వడ్డీకి వేసి ఉంచండి. సామాను తీసుకెళ్లే ఇంటివాళ్లకు, బెడ్డు వేసినా పక్క మార్చక తప్పదని చెప్పి పంపాలి. మూడో దొంతిలోంచి తీసిన రెండు పేజీలు దాంతోపాటు ఇచ్చేయొచ్చు.

చర్చి హాల్లో ఇళ్లలో పనిచేసే ఆయాలకు, కోడళ్లకు, కూతుళ్లకు ఏడాదికి రెండుసార్లు ఒకరోజు నేర్పించడం మూడో దారి. అన్నిటికంటే తక్కువ ఖర్చు. పన్నెండు మంది మించకూడదు, మంచం వేసి చేతులతో చేయించాలి. రిటైరైన నర్సులు ఇద్దరు దొరికితే చాలు. వాళ్లు దొరకడమే కష్టం.

ఈ నాలుగు నెలల్లో ముందు చేయాల్సింది మనుషుల్ని కలవడం. అమ్మగారితో పనిచేసినవాళ్లూ పెద్దవాళ్లయిపోయి ఉంటారు. ఆయాలతో, వార్డుబాయ్‌లతో మొదలుపెట్టండి, రాత్రులు ఆమె పక్కన ఉన్నది వాళ్లే. ఒక్కొక్కరిని విడిగా, మధ్యాహ్నం పూట, ఫోన్లో రికార్డు చేసుకుంటామని చెప్పి. నలుగుర్ని ఒకచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవారి జ్ఞాపకమే అందరిదీ అవుతుంది. "ఆవిడ ఎలాంటిది?" అని అడిగితే "దేవత" అంటారు. "డ్యూటీ అప్పగించేటప్పుడు ముందు ఏ మంచం గురించి చెప్పేది? ఎవరైనా అన్నం వద్దని మూతి బిగిస్తే ఏం చేసేది? ఎప్పుడు కోప్పడింది?" అని అడగండి. రోగుల పేర్లు వాళ్ల నోట కూడా వస్తాయి, రాసేటప్పుడు తీసేయండి.

అచ్చుకు డెమ్మీ సైజులో 32 పేజీలు, అంటే రెండు ఫారాలు, సరిపోతాయి. ప్రెస్సువాళ్లు 'అను' అనే పాత రకం (యూనికోడ్ కాని) ఫాంట్లలో పనిచేస్తే మీరు ఫోన్లో కొట్టి పంపింది మార్చేటప్పుడు వత్తులూ పొల్లులూ చెదురుతాయి. మార్చాక మళ్లీ మొదటినుంచి ప్రూఫు చూడాలి, తేదీలు, మందుల పేర్లు, అంకెలు మరీ జాగ్రత్తగా. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుంచించుకుపోతాయి, డాక్యుమెంటుగా పంపండి. రోగులు కనిపించే ఫొటోలకూ పేజీలకున్న నియమమే. కూడికకు నెల ముందు మ్యాటరు ప్రెస్సుకు చేరితే రెండు ప్రూఫులకు వ్యవధి ఉంటుంది. ఫేస్‌బుక్‌లో ఏం పెట్టాలన్నా ఆ ప్రూఫు అయిన పేజీల్లోంచే పెడదామని అన్నయ్యతో ఒప్పందం చేసుకోండి.

రెండో దొంతిని సంచిక అయ్యాక ఏం చేయాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. తాళం వేసి దాస్తే మీ తర్వాత తాళం ఎవరిదన్నది రాసిపెట్టాలి. కాల్చేస్తే తిరిగి రాదు కాబట్టి మీరూ అన్నయ్యా ఇద్దరూ ఒప్పుకున్నాకే. ఎవరి పేజీ వాళ్ల పిల్లలకు అప్పగించాలనుకుంటే, 'కొడుకు రాలేదు' అని రాసి ఉన్న పేజీలను మాత్రం ఇవ్వకండి.